పేరు చెప్పని సహోదరుడు

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి యెహెజ్కేలు కంప్యూటరు ముందు నుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. ఒక వారం కళ్లు లాగుతున్నాయని వంక, ఇంకో వారం నడుం పట్టేసిందని వంక. చూసేది మాత్రం ఒక్కటే. రెండంతస్తుల కింద, ఆఫీసు ముందు ఆగి ఉన్న డెరెక్ దొరగారి ల్యాండ్‌క్రూజరు, దాని ముందు సీట్లో విక్టర్.

వెనక సీట్లో కూర్చున్నా అంత మండేది కాదేమో. ముందు సీటు! ఆ కుర్రాడు తలుపు వేసుకుంటూ ఏదో అనడం, దొరగారు స్టీరింగు మీద చెయ్యి కొట్టి మరీ నవ్వడం, బండి అద్లియా వైపు మలుపు తిరగడం, ఇదంతా కళ్లారా చూశాక గానీ యెహెజ్కేలు కుర్చీలోకి వచ్చేవాడు కాదు. వచ్చి, భార్య లూర్దుమేరి కట్టిచ్చిన డబ్బా విప్పేవాడు. ఆమె గురువారం గురువారం పులిహోర కట్టేది. ఆ పులిహోర ఎనిమిది నెలలుగా ఆయనకి గొంతు దిగడం లేదు.

అవును, ఎనిమిది నెలలుగా ఇదే వరస. అద్లియా పేటలో ఒక సందు చివర బ్రౌన్ హెన్ అని ఒక పబ్బు తెరిచారు. దాన్ని బారు అంటే డెరెక్‌కి కోపం. గ్యాస్ట్రోపబ్ అనాలట. ముందు తిండి, తరవాతే తాగుడు అని దానర్థమట. ఈ భేదం విక్టర్‌కి ఒక్కరోజులో తెలిసిపోయింది. పద్దెనిమిదేళ్లుగా అదే దొర కింద పని చేస్తున్న యెహెజ్కేలుకి మాత్రం సర్వేయరు జగ్గారావు చెబితే తెలిసింది. అసలు బాధ అక్కడుంది.

యెహెజ్కేలుది రేపల్లె. కువైట్ యుద్ధానికి నాలుగు నెలల ముందు బహ్రెయిన్‌లో దిగి, మనామాలో కట్టడాల ప్లాన్లు గీసే ఈ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. అప్పటికి డెరెక్ కూడా కొత్తే, మీసాలు సరిగ్గా రాని ఇంజనీరు. చేరిన మొదటి వారంలోనే, ‘రావయ్యా, బయట భోంచేద్దాం’ అని పిలిచాడు. యెహెజ్కేలు గుండెల మీద చెయ్యి వేసుకుని, ‘సర్, నేను విశ్వాసిని. మద్యం ఉన్న బల్ల దగ్గర కూర్చోను’ అన్నాడు. దొర మొహం ఎర్రబడింది. క్షమించమన్నాడు. క్షమించమనడమే కాదు, ఆ మాటని ఎంత గౌరవించాడంటే మళ్లీ జన్మలో పిలవలేదు.

ఈ కథ రిఫాలో శుక్రవారం ఆరాధనకి వచ్చే తెలుగువాళ్లలో తెలియనివాళ్లు లేరు. ఏటా కొత్త సంవత్సరం రోజున సాక్ష్యాల వేళ యెహెజ్కేలు లేచి, దొర పిలిచిన వైనం, తాను వద్దన్న వైనం చెప్పేవాడు. మొదట్లో ఆమెన్ అని గట్టిగా అన్నవాళ్లే తరవాత తరవాత గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆయన ఆ సాక్ష్యంలో చెప్పని ముక్క ఒకటుంది. ఆ తరవాత రెండోసారి పిలుస్తాడని ఎదురుచూశాడు. వెళ్లడు, అది వేరే సంగతి. మళ్లీ వద్దనేవాడే. కానీ పిలవాలి కదా!

ఇక విక్టర్ సంగతి. వాడిదీ రేపల్లే. ఐదేళ్ల కింద వాడి తండ్రి ఉత్తరం రాస్తే, మేనేజరు కాళ్లా వేళ్లా పడి వీసా వేయించింది యెహెజ్కేలే. దిగిన రోజున విమానాశ్రయానికి వెళ్లింది, రెండు నెలలు తన ఇంట్లో పెట్టుకుని లూర్దుమేరి చేతి కూర తినిపించింది, ఈసా టౌన్‌లో ఫ్లాటు వెతికి పెట్టింది, పెళ్లాం జెస్సికా వచ్చినప్పుడు గ్యాసు పొయ్యి కొనిచ్చింది, అన్నీ ఆయనే. వాడు బాబాయ్ అని నోరారా పిలిచేవాడు. ఇప్పటికీ పిలుస్తాడు. అదొక మంట. ఏరు దాటి తెప్ప తగలేసినవాడు కాస్త దూరంగానైనా ఉండాలి, రోజూ పొద్దున్నే వచ్చి ‘బాబాయ్, టీ తాగావా?’ అని అడిగితే మనిషి సుఖంగా కుళ్లుకోవడం ఎలా?

ఆ ఏడాది, అంటే రెండు వేల ఎనిమిది ఫిబ్రవరిలో, ఈ మంటకి ఆజ్యం పోసే సంగతి ఇంకోటి వచ్చింది. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ సోమరాజుగారు ఉద్యోగం చాలించుకుని కాకినాడ వెళ్లిపోయారు. ఆయన కుర్చీ ఖాళీ. డెరెక్ కూడా మార్చి నెలాఖరుకి ఇంగ్లండు వెళ్లిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. పోయేలోపు ఆ కుర్చీలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టాలి. సర్వీసు చూస్తే యెహెజ్కేలుది. కంప్యూటరు మీద ఇల్లు నిలబెట్టి నాలుగువైపులా తిప్పి చూపించడం చూస్తే విక్టర్‌ది. యెహెజ్కేలుకి యాభై ఒకటి నిండాయి. ఈ కుర్చీ ఇప్పుడు రాకపోతే ఇంక రాదు. తను అక్షరం అక్షరం నేర్పిన కుర్రాడి దగ్గర సంతకాలకి నిలబడాలి.

“ఆ కుర్చీ సంగతి ఆఫీసులో తేలదండీ యెహెజ్కేలుగారూ. అద్లియాలో తేలిపోతాది, ఆ బల్ల కాడ,” అన్నాడు జగ్గారావు, పళ్ల సందులో అగ్గిపుల్ల పెట్టుకుని.

ఆ మాట ఆయనలో ముల్లులా దిగబడింది.

ఆ గురువారం ఒక అవకాశం కాళ్ల దగ్గరికి వచ్చింది. గలాలీలో కట్టే విల్లాల ప్లాన్లు రెండు గంటలకల్లా మున్సిపాలిటీలో ఇవ్వాలి. ఒక షీటు మీద డెరెక్ సంతకం మర్చిపోయాడు. దొరగారేమో అప్పటికే భోజనానికి వెళ్లిపోయాడు. జగ్గారావు తాళంచెవి తీసుకుని లేస్తుంటే యెహెజ్కేలు ఆ షీటు లాక్కున్నంత పని చేశాడు. “నువ్వు తిను. నేను వెళ్తాను,” అన్నాడు. జగ్గారావు అగ్గిపుల్ల ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చాడు.

బ్రౌన్ హెన్ తలుపు బరువుగా ఉంది. తోసుకుని లోపలికి అడుగుపెట్టేటప్పుడు పెదాల మీద ప్రార్థన ఉంది, కాదనలేం. కానీ లోపల ఆయన ఊహించిన నరకం లేదు. చల్లగా, కాస్త మసకగా, మైనం పట్టించిన చెక్క బల్లలు. గోడకి నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో ఆ రోజు వంటకాలు. వెన్నలో వేగిన మాంసం వాసన. పక్క బల్ల దగ్గర ఒక ముసలి తెల్లావిడ చేప తింటూ పేపరు చదువుకుంటోంది. ఎవరూ తూలడం లేదు. దీని గురించేనా తను పద్దెనిమిదేళ్లు సాక్ష్యం చెప్పింది అనిపించి ఆయనకి చిరాకేసింది.

డెరెక్ లేచి నిలబడ్డాడు. “ఎజ్! నువ్వు, ఇక్కడ!” అని ఆశ్చర్యపోయి, సంతకం గీకేసి, పక్క కుర్చీ లాగాడు. తిని వెళ్లమన్నాడు. వద్దనే మాట నాలుక చివర ఉంది. ఎన్నేళ్లుగానో సాన పట్టిన మాట. కానీ ఆలోపే కాళ్లు వంగి కూర్చున్నాయి.

“బాబాయ్, ఇక్కడ మటన్ పై అని చేస్తారు, బాగుంటుంది. హమ్మూరు చేప కూడా చెబుదాం,” అని విక్టర్ ఇంటి యజమానిలా వంటకాల చీటీ అందుకున్నాడు. వడ్డించేవాడు వాణ్ణి పేరు పెట్టి పలకరించాడు.

దొరగారు ఏల్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అది సారాయి కాదు, మామూలు బీరూ కాదు, ఆయన ఊళ్లో కాచే ఏల్. నెలకొకసారి పీపాల్లో ఓడెక్కి వస్తుందట. దాంట్లో గ్యాసు కొట్టకూడదట, ఐసులో పెట్టకూడదట. పీపాలో ఉండి కూడా అది లోలోపల పులుస్తూ బతికే ఉంటుందట. బల్లమీద నిలబెట్టిన చెక్క పిడి పట్టుకుని లాగితే గానీ రాదట. పబ్బు ఓనరు స్నేహితుడు గనక డెరెక్ తనే వెళ్లి, మన ఊళ్లో బోరింగు కొట్టినట్టు, నాలుగు లాగులు లాగి రెండు గ్లాసులు నింపుకొచ్చాడు. గోధుమరంగు ద్రవం, పైన పలచగా నురగ. ఒకటి విక్టర్ ముందు, ఒకటి తన ముందు. మూడో చెయ్యి లేదు కాబట్టి మూడో గ్లాసు లేదు. డెరెక్ యెహెజ్కేలు వైపు తిరిగి, “మరి నీకు...” అని ఆగాడు.

యెహెజ్కేలు గొంతు సవరించుకున్నాడు. చెయ్యి గుండెల మీదకి వెళుతోంది కూడా. పద్దెనిమిదేళ్ల తరవాత దొర మళ్లీ అడుగుతున్నాడు!

“బాబాయ్ ముట్టడు సర్. చాలా పవిత్రమైన మనిషి,” అన్నాడు విక్టర్.

“నాకు తెలీదా? మా ఊళ్లో అందరికీ చెబుతుంటాను, నాకు మొహం మీదే కాదని చెప్పిన మొనగాడు ఇతనొక్కడే అని,” అని డెరెక్ నవ్వి, నారింజ రసం తెప్పించాడు. అది పొడుగాటి గ్లాసులో వచ్చింది. దాంట్లో ఒక స్ట్రా, పైన చిన్న కాగితం గొడుగు.

ఆ గొడుగుని చూస్తే యెహెజ్కేలుకి ఏడుపొచ్చినంత పనైంది. వద్దు అనేది తను. ఆ ఒక్క మాటే తన ఆస్తి. దాన్ని కూడా వీడే అనేశాడు. తాగాలని కాదు, ఒట్టు, తాగాలని కాదు. ఆ గోధుమరంగు గ్లాసు తన ముందు కూడా పెట్టి ఉండాల్సింది. పెడితే పక్కకి జరిపేవాడు. జరిపేటప్పుడు దొర చూసేవాడు. ఆ మాత్రం దక్కనివ్వలేదు.

“మేడం మోకాలు ఎలా ఉంది సర్?” అని విక్టర్ అడుగుతున్నాడు. ఆపరేషను అయిందనీ, కర్ర లేకుండా తోటలోకి నడుస్తోందనీ దొర చెబుతున్నాడు. దొరకి తోట ఉందనీ, భార్యకి మోకాలి నొప్పి ఉందనీ యెహెజ్కేలుకి ఆ నిమిషం దాకా తెలియదు. ఆయన పద్దెనిమిదేళ్లలో ఆ మనిషిని స్కేలు, సంతకం, తేదీ తప్ప ఇంకేమీ అడగలేదు. ఆ సంగతి తట్టినందుకు తనకి రావలసిన సిగ్గు కూడా విక్టర్ మీద కోపంగానే మారింది.

మటన్ పై వచ్చింది, పిండి మూత కింద కాల్చిన మాంసం. కత్తి పెడితే పైపొర విరిగి లోపలి నుంచి ఆవిరి లేచింది. అంత కమ్మటి మాంసం ఆయన ఈ దేశంలో తినలేదు. ప్రతి ముద్దకీ, ‘ఎనిమిది నెలలుగా వీడు ఇది తింటున్నాడన్నమాట’ అనుకుంటూ తిన్నాడు. ఒక్క ముక్క మిగల్చలేదు.

లేచేముందు డెరెక్ అన్నాడు, చీఫ్ సంగతి దాదాపు తేల్చేశానని, మరో వారంలో చెబుతానని. చెబుతూ విక్టర్ వైపు చూశాడు. విక్టర్ తల వంచుకున్నాడు. ఆ కంగారులో వాడి మోచెయ్యి తగిలి గ్లాసులో మిగిలిన ఏల్ యెహెజ్కేలు చొక్కా చేతి మీద ఒలికింది. “అయ్యో సారీ బాబాయ్,” అంటూ వాడు కాగితం రుమాలుతో అద్దుతుంటే యెహెజ్కేలు చెయ్యి లాక్కున్నాడు. ఆ రాత్రంతా కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టే పడుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. రిఫాలో అద్దెకి తీసుకున్న విల్లా హాలు నిండిపోయింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. నతానియేలు అయ్యగారు వారమంతా ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపరు, శుక్రవారం మాత్రం పాస్టరు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ప్రార్థన మనవులుంటే చెప్పమన్నారు. ఒకావిడ తల్లి కంటి ఆపరేషను, ఇంకొకాయన వీసా. తరవాత యెహెజ్కేలు లేచాడు.

“ప్రియమైన సంఘమా, వందనాలు. మనలో ఒక సహోదరుడున్నాడు. పేరు చెప్పను. పేరు చెప్పి సిగ్గుపరచడం మన పద్ధతి కాదు. ఆ సహోదరుడు గురువారం గురువారం అద్లియాలో ఒక తాగుడు స్థలానికి వెళ్తున్నాడు. తెల్లవాళ్ల స్నేహం కోసం వెళ్తున్నాడు. ఉద్యోగంలో పెద్ద కుర్చీ కోసం వెళ్తున్నాడు. ఆ బల్ల, ఆ గ్లాసు, ఆ నవ్వులు...” ఇక్కడ ఆయన గొంతు పూడుకుపోయింది. నిజంగానే పూడుకుపోయింది. “ఆ సహోదరుడి గురించి భారంతో ప్రార్థించండి,” అని కూర్చున్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడు కదా, విక్టర్ తడుముకుంటాడేమోనని ఓరకంట చూశాడు. విక్టర్ మొహం పాలిపోయింది. జెస్సికా పాపం ఏమీ తెలియక ఒళ్లో పిల్ల ఏంజెల్‌ని జోకొడుతోంది. యెహెజ్కేలు కడుపు చల్లబడింది.

అయ్యగారు వేదిక దిగి వచ్చారు. తిన్నగా యెహెజ్కేలు దగ్గరికే వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఆ సహోదరుణ్ణి ఈ స్థలంలోనే ముట్టమని, సంకెళ్లు తెంపమని పావుగంట ప్రార్థించారు. ప్రార్థిస్తున్నంతసేపూ భుజం నొక్కుతూనే ఉన్నారు. ఆరాధనయ్యాక భోజనాల వరసలో పెద్దలు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. “ధైర్యం కావాలండీ అలా చెప్పాలంటే,” అన్నారు. గంగన్న అనే ఆయనైతే కౌగిలించుకున్నాడు. బిర్యానీ వడ్డించేవాళ్లు ఒక ముక్క ఎక్కువే వేశారు. పాపాన్ని ఎత్తిచూపిన తన ధైర్యానికి ఇంత మెప్పా అని యెహెజ్కేలు పొంగిపోయాడు.

కారు ఎక్కాక లూర్దుమేరి సీటుబెల్టు పెట్టుకోలేదు. ముందుకే చూస్తూ అడిగింది.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఏంటి ఎన్నాళ్ల నుంచి?”

“గురువారాలు.”

అప్పుడు గానీ ఆయనకి వెలగలేదు. ఆ సంఘంలో అదొక వాడుక. ఎవరైనా లేచి, మనలో ఒక సహోదరుడున్నాడు, పేరు చెప్పను అన్నాడంటే, ఆ సహోదరుడు చెప్పినవాడే. సిగ్గుపడి తన పేరు తను చెప్పుకోలేని వాళ్లకి దేవుడు చూపించిన సందు అది. రెండేళ్ల కింద ఇదే గంగన్న లేచి, ఒక సహోదరుడు భార్యతో పోట్లాడుతున్నాడు అన్నప్పుడు, వెళ్లి గంగన్న చెయ్యి పట్టుకుని ‘ధైర్యంగా చెప్పావు’ అన్నది యెహెజ్కేలే. తెలిసిన వాడుకే. కుళ్లులో ఒళ్లు తెలియలేదు.

“నేను కాదే! విక్టర్! వాడి గురించి చెప్పాను!”

“మరి పేరు చెప్పలేదేం?”

“పేరు చెబితే బాగుండదని...”

“నిన్న మీ చొక్కా నానబెట్టింది నేను. చెయ్యంతా అదే కంపు.”

“అది వాడు ఒలకబోశాడు! నాకు నారింజ రసం పోశారు. గొడుగు కూడా పెట్టారు దాంట్లో!”

లూర్దుమేరి పుట్టుకతో ఆర్‌సీయం, అంటే కాథలిక్కు. పెళ్లయ్యాకే ఈ సంఘానికి వచ్చింది. ఆమె మొగుడి వైపు తిరిగి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తూచి అంది. “మా నాన్న పండక్కీ పబ్బానికీ తాగేవాడండీ. బజార్లో తాగి బజార్లోనే ఒప్పుకునేవాడు. తెల్లారి పక్కింటోడి మీద మాత్రం పెట్టలేదు.”

తాను తవ్విన గోతిలో తానే పడడం అంటే ఏమిటో ఆ వారం యెహెజ్కేలుకి అంగుళం అంగుళం తెలిసొచ్చింది. శనివారం అయ్యగారి భార్య ఫోను చేసి, ఆయన విడుదల కోసం సంఘమంతా గొలుసు ఉపవాసం పట్టిందని చెప్పింది. రోజుకొక కుటుంబం. ఆదివారం గంగన్న వాళ్లు, సోమవారం అయ్యగారి ఇల్లు. తరవాత జెస్సికా ఫోను: “పిన్నీ, మంగళవారం మా వంతు. బాబాయ్‌కి చెప్పు, నేనూ ఆయనా ఇద్దరం పస్తుంటున్నాం.” ఆ ఫోను లూర్దుమేరి స్పీకరు మీద పెట్టింది, కావాలనే. ఏల్ తాగేది వాడు, పస్తుండేదీ వాడే, విడుదల కావలసింది తనకి! యెహెజ్కేలు ఆ మంగళవారం కోపంకొద్దీ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

కాదని చెబుదామంటే ఎవరూ అడగరు. అడగని దానికి జవాబెలా చెప్పడం? ఒకరిద్దరికి చెప్పబోయాడు కూడా. వాళ్లు కళ్లు మూసుకుని, “పరవాలేదండీ, నెమ్మది మీద పోతుంది అలవాటు,” అన్నారు.

గురువారం వచ్చింది. పన్నెండున్నరకి కిటికీ దగ్గర నిలబడ్డాడు. డెరెక్ కిందకి దిగాడు, విక్టర్ కూడా దిగాడు. బండి దగ్గర ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఈసారి నవ్వులు లేవు. డెరెక్ వాడి భుజం తట్టి ఒక్కడే బండెక్కి వెళ్లిపోయాడు. యెహెజ్కేలుకి ప్రాణం లేచొచ్చింది. బాణం తగలాల్సిన చోటే తగిలింది! అంతలో విక్టర్ పైకొచ్చి, తన డబ్బా పట్టుకుని, ఆయన బల్ల దగ్గరే నిలబడ్డాడు.

“బాబాయ్, కలిసి తిందామా?”

“కడుపు బాగాలేదు,” అన్నాడు యెహెజ్కేలు. వాడు డబ్బా విప్పకుండానే వెళ్లిపోయాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, ఆ రోజు ఇద్దరూ తినలేదు.

మర్నాటికి ఆయన నిశ్చయం చేసుకున్నాడు. పేరు చెప్పేయాలి. మొహమాటం లేదు, పద్ధతి లేదు. విక్టర్, ఈసా టౌన్, జెస్సికా భర్త అని వివరంగా చెప్పేయాలి. దారిలో కారు నడుపుతూ నాలుగుసార్లు లోలోపల వల్లించుకున్నాడు. లూర్దుమేరి ఆయన పెదాలు కదలడం చూసి అటు తిరిగి కూర్చుంది.

మనవుల వేళ వచ్చింది. యెహెజ్కేలు మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోయాడు. సగం లేచాడో లేదో, రెండు వరసల ముందు విక్టర్ నిలబడి ఉన్నాడు.

“పోయిన వారం బాబాయ్ చెప్పిన సహోదరుణ్ణి నేనే,” అన్నాడు వాడు. “మీరందరూ ఆయన అనుకున్నారు. ఆయన గ్లాసు కూడా ముట్టలేదు. నేనే ఎనిమిది నెలల నుంచి వెళ్తున్నాను, తాగుతున్నాను. జెస్సికాకి కూడా చెప్పలేదు. బాబాయ్ కళ్లారా చూసి కూడా నా పేరు ఎత్తలేదు. వారం రోజులు నా నింద ఆయన మోశాడు, ఒక్కరితో కూడా కాదనలేదు.” “నిన్న దొరగారికి చెప్పేశాను, ఇంక రానని. చీఫ్ కుర్చీ నాకిస్తాననుకున్నారాయన. అది బాబాయ్‌ది సర్, నాకు గీత గీయడం నేర్పింది ఆయనే అన్నాను. సరేనన్నారు.”

జెస్సికా కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు ఆడవాళ్లు, తరవాత మగవాళ్లు, ఒక్కొక్కరే ముక్కులు చీదడం మొదలుపెట్టారు. గంగన్న భోరుమన్నాడు. అయ్యగారు వాణ్ణి వాటేసుకుని కళ్లద్దాలు తీసేశారు. సగం లేచిన యెహెజ్కేలు అలాగే వంగి నిలబడ్డాడు.

కావలసినవన్నీ దక్కాయి. పేరు కడిగినట్టు తెల్లగా అయింది. కుర్చీ వచ్చేసింది. చెయ్యని త్యాగానికి మెప్పు కూడా వచ్చింది. కానీ ఎవరూ ఆయన వైపు చూడడం లేదు. ఆయన పద్దెనిమిదేళ్లు తాగలేదు, దానికి ఈ హాల్లో ఒక్క కన్నీటిచుక్క రాలలేదు. వాడు ఎనిమిది నెలలు తాగి మానేశాడు, అందరూ వాడి కోసం ఏడుస్తున్నారు. మటన్ పై వాడే తిన్నాడు, దొర నవ్వులు వాడివే, చివరికి పశ్చాత్తాపం కూడా వాడే కొట్టేశాడు. యెహెజ్కేలు గుండె భగ్గుమంది. అంత మంట ఆ కిటికీ దగ్గర కూడా ఎరగడు.

“రండి యెహెజ్కేలుగారూ,” అన్నారు అయ్యగారు. “మీ బిడ్డలాంటివాడు. మీరే ప్రార్థన చెయ్యాలి.”

జనం దారి ఇచ్చారు. విక్టర్ ఆయన ముందు మోకరించాడు. యెహెజ్కేలు వాడి తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆయన ప్రార్థనకి లేచాడంటే అరగంటకి తక్కువ కాదని పిల్లలు కూడా ఒంటికి వెళ్లొచ్చి కూర్చునేవాళ్లు. ఆ రోజు, “ప్రభువా,” అన్నాడు, ఆగిపోయాడు. ఎప్పుడూ వరసగా వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. నోట్లో ఉన్నది ఒక్కటే.

“ప్రభువా, ఈ పిల్లోడంటే నాకు కుళ్లు.”

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

“వీడి పేరు నేను దాచలేదు. వీడికే తగలాలని చెప్పాను. కుర్చీ కోసం చెప్పాను. ఆ బల్ల దగ్గర వీడి ముందు పెట్టిన గ్లాసు నా ముందు పెట్టలేదని చెప్పాను. ఇవాళ పేరు కూడా చెప్పేద్దామనే లేచాను, వీడే ముందు లేచాడు. వీళ్లంతా వీడి కోసం ఏడుస్తుంటే నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంది తండ్రీ. నాకు ఇంకేం రావడం లేదు.”

చేతి కింద విక్టర్ తల కదలలేదు. ప్రార్థన ముగిసిందో లేదో తెలియక హాలంతా బిగుసుకుపోయి ఉంది.

ఆడవాళ్ల వైపు నుంచి లూర్దుమేరి గొంతు ఒక్కటే వినిపించింది.

“ఆమెన్.”